అరటి నార ముడి

నది అవతలి ట్వంటే నుంచి ఆ మనిషి కుండ తీసుకుని మా ఇంటికి వచ్చి పది రోజులైంది. కుండ నీళ్ళతో వంటింటి మూల ఉంది. కొత్త కుండలో మొదటిసారి నీళ్ళు పోస్తే లేచే మట్టి వాసనంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం. ఇప్పుడు ఆ వాసన తగిలితే లేచి వసారాలోకి వెళ్ళిపోతున్నాను. అతని పేరు ఊ సాన్ లిన్. యాభై దాటిన మనిషి, కుండలు చేసే ఇంటివాడు, గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఎంత కడిగినా పోనట్టుంది. రంగూన్ చివర మా తాకేటాలో బస్సు దిగి, వీధి వీధీ అడుగుతూ వచ్చాట్ట. లోపలికి రాగానే బర్మా పద్ధతిలో మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించి మూడుసార్లు దణ్ణం పెట్టాడు. పెద్దదాన్ని కదా, పెట్టించుకున్నాను. అతనెవరో తెలిశాక ఆ మూడు దణ్ణాలూ వెనక్కి ఇచ్చేసే వీలుంటే బాగుండుననిపించింది.

అతను జగ్గదాసు గారి మనవడు. దాసుగారి కూతురు ట్వంటేలో ఒక కుమ్మరిని పెళ్ళి చేసుకుని బర్మా మనిషైపోయిందని నాకు తెలుసు. అంతకు మించి తెలుసుకోవడానికి నేనెప్పుడూ పడవ ఎక్కలేదు. ఆవిడ కిందటి వానాకాలంలో పోయిందట. పోయే ముందు కొడుకుతో ఒక మాట చెప్పిందట: రంగూన్‌లో కాలేజీ దగ్గర తెలుగువాళ్ళ పూటకూళ్ళ ఇల్లు ఒకటుండేది, ఆ ఇంటివాళ్ళెవరైనా బతికుంటే అడుగు, మీ తాత ఆ మాస్టర్ని చంపాడా లేదా అని. అతనికి తెలుగు రాదు. "అమ్మా", "తిన్నావా", "దా", ఈ మూడు మాటలే వాళ్ళమ్మ అతనికి మిగిల్చింది. నన్ను "అమేజీ" అని, అంటే పెద్దమ్మా అని పిలుస్తూ, బర్మా భాషలోనే అడిగాడు. నేనేం చెప్పానో చివర్లో రాస్తాను. ముందు ఆ ఇంటి సంగతి రాయాలి, లేకపోతే నా జవాబు ఎలాంటిదో మీకు తెలియదు.

మాది కళింగపట్నం దగ్గర పల్లె. మా నాన్న రంగూన్ వచ్చి ఓడరేవులో మూటలు మోసేవాడు, ఒక రోజు ఆ మూటల కిందే పోయాడు. అమ్మ నన్ను కంటూనే పోయింది. మిగిలింది మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, చిన్నాన్న, నేను. మామ్మ కాలేజీకి మూడు వీధుల అవతల ఒక చెక్క ఇల్లు అద్దెకి తీసుకుని పూటకూళ్ళు పెట్టింది. కాలేజీ కొత్తగా యూనివర్సిటీ అయిన రోజులు అవి. ఆ చుట్టుపక్కల ఎక్కడ చూసినా చంకలో పుస్తకాలు పెట్టుకున్న కుర్రాళ్ళే, ఎక్కడ విన్నా వాదనలే. వేకువనే పజండాంగ్ మిల్లుల నుంచి వడ్ల పొట్టు కాల్చిన పొగ వచ్చి వీధంతా పరుచుకునేది. ఆ పొగలోనే మామ్మ లేచి, స్నానం చేసి, తడిబట్టతో ట్వంటే కుండీలో ఉన్న తులసికి నీళ్ళు పోసి, పొయ్యి రాజేసేది. పనసపొట్టులో ఆవ పెట్టినా, మెత్తళ్ళు వేయించినా ఆ ఘాటు పక్కింటి బర్మా వాళ్ళ చేపల నప్పి వాసనతో కలిసేసరికి, మేడ మీద అద్దెకున్న చెట్టిగారు కిటికీ తలుపులు ఠపీమని వేసుకునేవాడు. "ముక్కుంది గాని నాలిక లేదు ఆ మనిషికి" అనేది మామ్మ.

తినడానికి వచ్చేవాళ్ళకి అరటాకులు. రాలేనివాళ్ళకి, ఓడరేవు పనికి పోయేవాళ్ళకి ఆకులో అన్నం పొట్లాలు. అరటి పట్టల నుంచి నార తీసి, నానబెట్టి, పాయలు పాయలుగా చీల్చడం నా పని. పొట్లం కట్టడం మాత్రం మామ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. నార రెండు మెలికలు తిప్పి, కొసని లోపలికి దోపేది. బయటికి ముడే కనిపించదు, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే పొట్లం విచ్చుకుంటుంది. నేను ఏళ్ళ తరబడి చూశాను, ఇప్పటికీ నాకు ఆ ముడి కుదరదు. నాలుగు నార పోగులు ఎప్పుడూ ఆవిడ నడుముకి వేలాడుతూ ఉండేవి, గుడికి వెళ్ళినా సరే. నార పోగుల సంగతి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా చిన్నాన్న అప్పన్న మా వాళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. అతను నడిచి వస్తుంటే ఓడరేవు కూలీలు, రిక్షా లాగేవాళ్ళు ఆగి మరీ పలకరించేవారు. ఇంట్లో అతనికి ఒక పెరుగు గిన్నె వేరు. నాకంటే ఆరేళ్ళే పెద్ద, కానీ నాకు బుద్ధి చెప్పడానికి అరవై ఏళ్ళ పెద్దరికం. చిన్నాన్నకి దేవుడు గవరయ్య మాస్టారు. ఆయన పక్కవీధి బడిలో చదువు చెప్పేవారు, మా ఇంట్లో రెండు పూటలా తినేవారు. మా పెరటి వెనక వీధిలో కింది గది ఆయనది. అందులో ఒక చేతి ప్రెస్సు, గళ్ళ పెట్టె నిండా తెలుగు అచ్చు అక్షరాలు. నాకు చదువు చెప్పింది ఆయనే. ఒక్కో సీసపు అక్షరం అరచేతిలో పెట్టి, "వేలితో తడుము, చూడకుండా చెప్పు" అనేవారు. అ నుంచి ఱ దాకా నా వేళ్ళకి ముందు వచ్చింది, కళ్ళకి తర్వాత వచ్చింది.

మాస్టారు ఆ ప్రెస్సు మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. పెళ్ళికి, పురుడికి, చావుకి చదవవలసినదంతా అందరికీ అర్థమయ్యే తెలుగులో. చదువొచ్చిన ఎవరైనా చదవచ్చు, పురోహితుడు అక్కర్లేదు, దాసుడు అక్కర్లేదు. "చచ్చినవాడికి వినపడదు, బతికున్నవాడికి అర్థం కాదు, మరి ఈ మంత్రాలు ఎవరికోసం నర్సమ్మా?" అని నన్నే అడిగేవారు, నేనేదో జవాబు చెప్పగలిగినట్టు. మన భాషలో ఉంటే ఎవడూ ఎవడి దగ్గరా ఏదీ దాచలేడని ఆయన నమ్మకం. ఆ పుస్తకంతో ఓడరేవు తెలుగువాళ్ళు రెండుగా చీలిపోయారు. పుస్తకం వాళ్ళు, దాసుగారి వాళ్ళు. ఒక పాడె దగ్గర ఇటువాళ్ళు పుస్తకం తీస్తే అటువాళ్ళు శంఖం తీశారు, కర్రలు లేచాయి, పాడె మీద మనిషి ఎండలో అలా పడుకుని ఉన్నాడు. మా వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కూడా ఎవరు ఎటో చూసుకుని మరీ కూర్చునేవారు.

ఆ దాసుగారే జగ్గదాసు గారు. మా వాళ్ళలో ఎవరు పోయినా శంఖం, జేగంట భుజాన వేసుకుని వచ్చేవారు. పోయిన మనిషి తల దక్షిణానికి తిప్పి, నోట్లో తులసి తీర్థం పోసి, కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి పసుపు రాసిన నూలుదారంతో కట్టేవారు. సన్నగా, పొడుగ్గా, కాస్త వంగి ఉండే మనిషి. ఆ పుస్తకం వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు సగమయ్యారు. అయినా ఒకనాడు మా ఇంట్లో, మాస్టారి పక్కాకు దగ్గరే కూర్చుని, పుస్తకం తిప్పి తిప్పి చూసి ఆయనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మంచి పుస్తకం రాసీసినారు మాస్టారూ. నాకు సదువు రాదు గాని, అబ్బాయి సదివితే విన్నాను. కాపోతే ఒకటండి. ఏడిసీవోడికి అచ్చరాలు అవుపడవు. అందికే నాలాటోడు ఒకడు పక్కనుండాల." మాస్టారు నవ్వారు. చిన్నాన్న మాత్రం ఆకు మడిచి లేచిపోయాడు.

తర్వాత కొన్ని నెలలకి ఓడలో మాస్టారికి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో ఆయన తల్లి పోయింది, పోయి అప్పటికే నెల. ఆ పూట ఆయన తినడానికి రాలేదు. మర్నాడు వచ్చి ఆకు ముందు కూర్చుని, అన్నం కలిపి, కలిపింది అలాగే వదిలేసి వెళ్ళారు. కబురు చేరిన పదో రోజు పొద్దున్న పెరటి గుమ్మం దగ్గర నిలబడి మామ్మని అడిగారు, పిండాలకి ఉప్పు లేని అన్నం కొంచెం వేరే కుండలో వండి పంపమని. మామ్మ వేరే కుండ తీసి నాకిచ్చింది. ఆయన నా వైపు తిరిగి, "మీ చిన్నాన్నకి తెలియనివ్వకు నర్సమ్మా, వాడు తట్టుకోలేడు" అన్నారు. నేను తలూపాను. అన్నం నేనే వండాను, నేనే తీసుకెళ్ళాను. గదిలో దాసుగారు ఉన్నారు. జేగంట మూటలో కట్టి మూలన పెట్టి ఉంది. మాస్టారు తడిపంచెతో పీట మీద కూర్చుని, చేతిలో తన పుస్తకమే పట్టుకుని చదవబోతున్నారు. "అమ్మా" అనే మాట దగ్గర ఆగిపోయారు. మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ అక్కడే ఆగారు. దాసుగారు మెల్లిగా ఆ పుస్తకం తీసి పక్కన పెట్టి, "నాను సెప్తాను బాబూ, మీరు ఏడవండి" అన్నారు. అది చూసి నేను గుమ్మంలోంచే వచ్చేశాను. మధ్యాహ్నం దాటాక దాసుగారు ఆ గదిలోంచి రావడం వీధిలో నలుగురూ చూశారు. జేగంట మూటలో దాచుకుని రావడం కూడా చూశారు.

ఇక నా నోటి సంగతి. ఆ సాయంత్రం నేను తులసి దగ్గర దీపం పెడుతుంటే చిన్నాన్న కాలేజీ నుంచి వచ్చాడు. వచ్చీ రావడం నా మీద పడ్డాడు. "మొక్కకి దండాలేటే, సదువుకున్నదానివి కాదూ? మాస్టారు నీకు అచ్చరాలు నేర్పింది ఇందుకా?" అన్నాడు. రోజూ పడేదాన్నే. ఆ రోజు ఎందుకో ఒళ్ళు మండింది. నాకు ఒక గుట్టు తెలుసన్న గీర కూడా ఉంది. "మాస్టారు నీకే నేర్పినారు, నాకేటి తెల్దు. ఆయన మాత్రం ఇయ్యాల దాసుగార్ని పిలిపించుకుని అమ్మకి పిండాలు పెట్టుకున్నారు. అన్నం నానే వండినాను" అన్నాను. అతని మొహం చూడాలని అన్నాను. చూశాను. పుస్తకాలు అరుగు మీద పడేసి, చెప్పులైనా వేసుకోకుండా పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. గెలిచాననుకున్నాను నేను.

దీపాలు పెట్టే వేళ ఇంకా దాటలేదు, తిరిగి వచ్చాడు. తిన్నగా పెరట్లో కొళాయి కిందికి వెళ్ళి, చొక్కా పంచెతో అలాగే నిలబడి నెత్తి మీద నీళ్ళు పోసుకోవడం మొదలెట్టాడు. కట్టుబట్టలతో తలస్నానం మా ఇళ్ళల్లో ఒక్కప్పుడే చేస్తారు, శవం దగ్గర్నుంచి వచ్చినప్పుడు. అంటూ మైలా అంటే నవ్వే మనిషి, వెటకారం చేసే మనిషి, ఆ వేళ ఒంట్లో ఏది చెప్పిందో గాని ఆ స్నానమే చేశాడు. మామ్మ వంటింటి గుమ్మంలో పొట్లం చేతిలో పెట్టుకుని అది చూసింది. ఎవరు పోయారని అడగలేదు. పొట్లం కింద పెట్టి, తులసి కుండీ దగ్గర వంగి నాలుగు ఆకులు తుంచి, రాగి చెంబు తీసుకుని పెరటి తలుపు వైపు నడిచింది. నేను వెంటపడబోతే, "పొయ్యి మీద పులుసు సూడు" అంది. పులుసు చూశాను. మాడిపోయేదాకా చూశాను.

పొద్దున్న పాలవాడు చూసి కేకలు పెట్టాడు. వీధంతా ఆ గది ముందు మూగింది, నేనూ వెళ్ళాను. అక్షరాలు బిగించే ఇనప చట్రంతో తల మీద కొట్టారు. గళ్ళ పెట్టె బోర్లా పడి, నేను తడిమి నేర్చుకున్న అక్షరాలన్నీ నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటి మధ్య మాస్టారు తీరిగ్గా పడుకోబెట్టినట్టు ఉన్నారు. మొహం తుడిచి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. తల దక్షిణానికి, పెదాల మధ్య తులసాకు, బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టి. "సంపినోడే సాగనంపినాడు" అన్నారెవరో. ఇంకెవరో దాసుగారి పేరన్నారు. అంతే, ఆ పేరు వీధి చివరిదాకా పోయింది. నేను మాత్రం కాళ్ళ వైపే చూస్తున్నాను. కట్టింది పసుపు నూలుదారం కాదు. అరటి నార. బయటికి ముడి కనిపించని కట్టు.

మామ్మ కొడుకు చేసిన పని చూసింది. చూసి కూడా ఆ మనిషిని అలా వదిలి రాలేకపోయింది. తన చేత్తో ఇన్నేళ్ళు అన్నం తిన్నవాడు దిక్కులేని శవంలా పడి ఉంటే ఆవిడ వల్ల కాలేదు. నడుముకున్న నారతో కాళ్ళు కట్టింది. మామ్మ తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది. పోలీసులు ఆ కట్టే పట్టుకున్నారు. ఇలా చెయ్యడం ఎవరికి వచ్చు అని అడిగితే ఓడరేవులో పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా ఒకటే పేరు చెప్పారు. పుస్తకం వల్ల ఆయన బతుకు సగమైందన్నది అందరికీ తెలుసు, గదిలోంచి రావడం నలుగురు చూశారు. ఓడరేవు వాళ్ళు రెండుగా చీలినప్పుడు ఎన్ని మాటలనుకున్నారో అవన్నీ సాక్ష్యాలైపోయాయి. మాస్టారే తనని పిండాలకి పిలిచారని దాసుగారు చెబితే స్టేషన్‌లో నవ్వారట. పిండాలు వద్దని పుస్తకం రాసినవాడు పిండాలకి పిలిచాడా అని. పిండాలు కాలవ ఒడ్డున కాకులు ఎప్పుడో తినేశాయి. ఆయనకి మిగిలిన సాక్ష్యం ఒక్కటే: "పూటకూళ్ళ ఇంటి గుంట అన్నం వండి తెచ్చింది బాబూ, దాన్నడగండి."

కోర్టు పిలుపు వచ్చిన రోజు మామ్మ నాకు తలంటింది. కుంకుడుకాయ పులుసు కళ్ళల్లో పడుతుంటే అడిగాను, "ఏటి సెప్పాల మామ్మా?" అని. చెయ్యి ఆగలేదు. "తెల్దను. అబద్దం కాదది. నీకేటి తెలుసే? నువ్వేటి సూసినావు?" అంది. నేను చూసింది చెప్పబోయాను. మామ్మ నా జుట్టు రెండు చేతుల్తో పట్టుకుని తల వెనక్కి వంచి నా మొహంలోకి చూసింది. "నీ బాబు మూటల కింద సచ్చినాడు. వీడొక్కడు సదువుకున్నాడు. వీడు పోతే ఇంక మనింట్లో ఎవుడూ లేవడే అమ్మడూ." కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అప్పటికే చించుకున్నది నేనని, ఆ మాట చిన్నాన్నతో అన్నది నేనని మామ్మకి చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

కోర్టులో దొర మాట్లాడేది ఒకటి, దుబాసీ చెప్పేది ఒకటి, మధ్యలో పైన పంకా కిర్రు కిర్రుమనడం ఒకటి. కాళ్ళు కట్టిన నార కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టారు. దాసుగారి వకీలు బర్మా వాళ్ళు కూడా శవానికి బొటనవేళ్ళు కడతారని చెప్పాడు. నిజమే, కడతారు. మరి తులసాకు, అని అడిగాడు అవతలి వకీలు. దాసుగారు బోనులోంచి చేతులు జోడించి, "నాను నార కట్టను బాబూ, నూలే కడతాను, ఓడరేవులో ఎవుర్నైనా అడగండి" అన్నారు. దొరకి నారైనా నూలైనా ఒకటే. ఎవర్నీ అడగలేదు. అప్పుడు నన్ను పిలిచారు. ఆ రోజు మాస్టారి గదికి అన్నం వండి తీసుకెళ్ళావా అని దుబాసీ అడిగాడు. మామ్మ కింద బెంచీ మీద ఉంది. చిన్నాన్న రాలేదు, అతనికి పరీక్షలు. దాసుగారు నా వైపు చూసి కాస్త నవ్వారు, ధైర్యం చెబుతున్నట్టు. నేను "నాకు తెల్దు" అన్నాను. దుబాసీ మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అన్నాను. మూడోసారి దొర గట్టిగా అడిగించేసరికి ఏడుపొచ్చింది. ఆ ముసలాయన బోనులోంచి అన్నారు: "గుంట బయపడిపోనాది. ఒగ్గీండి బాబూ." నన్ను వదిలేశారు.

ఆయన్ని ఉరి తీసిన రోజు మామ్మ పొయ్యి వెలిగించలేదు. నాకు ఊహ తెలిశాక ఆ ఇంట్లో పొయ్యి వెలగని రోజు అదొక్కటే. జైలు వాళ్ళు శవాన్ని ఆయన భార్యకి అప్పగించారు. శ్మశానంలో పది మంది కూడా లేరు. అందర్నీ సాగనంపిన మనిషిని సాగనంపడానికి ఇంకో దాసుడు లేడు, ఉన్నా వచ్చేవాడు కాదు. అప్పుడావిడ, ఒక చేతిలో కూతుర్ని పట్టుకుని, చిన్నాన్న ముందు నిలబడింది. "బాబూ, సదువుకున్నోడివి. ఆ పొత్తకమైనా సదువు. మాటలు లేకుండా పంపించీకూడదు" అంది. చిన్నాన్న జేబులోంచి మాస్టారి పుస్తకం తీశాడు. చావు దగ్గర చదవవలసిన నాలుగు పేజీలూ మొదట్నుంచి చివరిదాకా చదివాడు. గొంతు స్పష్టంగా ఉంది. ఒక్క అక్షరం తడబడలేదు. ఏడ్చేవాడికి అక్షరాలు కనపడవన్న మనిషి ఆ గోతిలో ఉన్నాడు, చదివేవాడికి అన్ని అక్షరాలూ కనపడుతున్నాయి. ఆ రోజు నుంచి చిన్నాన్నని నేను కళ్ళెత్తి చూడలేదు.

ఇంటికి వచ్చాక కొళాయి దగ్గర నేను కాళ్ళు కడుక్కుంటుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఆ పుస్తకం తప్పన్నాడే మాస్టారు" అన్నాడు. "ఇన్ని పెళ్ళిళ్ళు, ఇన్ని సావులు నా సేత సదివించి, తప్పు రాసీసినాను, అన్నీ కాల్చీ అన్నాడు. ఏడుస్తూ అన్నాడు." కొళాయి కట్టేసి, "నువ్వా మాట సెప్పకుండా ఉంటే బాగుండేది నర్సీ" అన్నాడు. మా మధ్య దాని గురించి నడిచిన మాటలు అవే. అతనన్నది అన్యాయం కాదు, నిజమే.

తర్వాత చిన్నాన్న బి.ఏ. ప్యాసయ్యాడు. ఓడరేవు వాళ్ళు పూలదండలు వేసి ఊరేగించారు. గవర్నమెంటు ఉద్యోగం, బర్మా అమ్మాయితో పెళ్ళి, పిల్లలు. యుద్ధం వచ్చి మా వాళ్ళంతా అడవులు పట్టుకుని ఇండియాకి నడిచిపోయినా అతను కదల్లేదు, నన్నూ కదలనివ్వలేదు. చివరికి ఈ తాకేటా ఇల్లు కూడా అతను కట్టిందే. డెబ్భై దాటాక, మంచం మీద, మనవల మధ్య పోయాడు. బతికినంత కాలం అరటాకులో మాత్రం తినలేదు. ఎందుకని అతని భార్య ఒకసారి నన్నడిగింది, అలవాటు లేదన్నాను. మామ్మ ముందే పోయింది. పోయేదాకా ఏటా ఒక రోజు ఉప్పు లేని అన్నం వండి కాలవ ఒడ్డుకి తీసుకెళ్ళేది, ఎవరికోసమో చెప్పేది కాదు, నేను అడిగేదాన్ని కాదు. ఆ పూటకూళ్ళ ఇల్లు ఉన్న చోట ఇప్పుడు సిమెంటు మేడలున్నాయి. పుస్తకం వాళ్ళూ లేరు, శంఖం వాళ్ళూ లేరు. మా వీధిలో ఎవరైనా పోతే భిక్షువులు వచ్చి పాళీలో చదువుతారు, పిల్లలు చేతులు జోడించి కూర్చుంటారు, ఏమంటున్నారో నాకూ తెలియదు, వాళ్ళకీ తెలియదు. తెలుగులో చదివితే అసలే తెలియదు. దేనికోసం అన్ని తలలు పగిలాయో వాళ్ళకి చెప్పాలంటే బర్మాలో చెప్పాలి.

ఊ సాన్ లిన్ అడిగినప్పుడు గదిలో ఖిన్ కూడా ఉంది. చిన్నాన్న మనవరాలు. నాకు తల దువ్వేది, మందులిచ్చేది, రేపు నా కాళ్ళ వేళ్ళు కట్టేది ఆ పిల్లే. అతనికి టీ పోస్తోంది. ఆమె తల వెనక గోడ మీద చిన్నాన్న ఫోటో, దండతో. అతను టీ ముట్టుకోకుండా అడిగాడు, "చంపారా, లేదా అమేజీ? ఏదైనా సరే వింటాను. మా అమ్మ ఊళ్ళో తలెత్తుకోలేదు. ఆవిడ పేరున దానం చేసేటప్పుడు తాత పేరు కూడా చదవాలా వద్దా అని అడుగుతున్నాను." ఆ తాత లాగే కాస్త వంగి కూర్చున్నాడు. ఖిన్ కూడా కెటిల్ ఆపి నా వైపు చూసింది, దానికీ కథలంటే ఇష్టం. నేను నోరు తెరిచాను. డెబ్భై దాటిన దాన్ని, ఉరితాడు నా మెడకీ రాదు, పోయినవాడి మెడకీ రాదు. ఇక భయమెందుకు? అయినా నా నోట్లోంచి వచ్చింది అదే మాట. భాష ఒక్కటే మారింది. "అప్పటికి చిన్నదాన్ని నాయనా, నాకు తెలియదు" అన్నాను.

అతను ముట్టని టీ పక్కకి జరిపాడు. తర్వాత "ముసలావిడని ఇబ్బంది పెట్టాను" అని ఖిన్‌తో అన్నాడు. మళ్ళీ మూడుసార్లు దణ్ణం పెట్టాడు. కుండ నాకు దగ్గరగా జరిపి, తనకొచ్చిన మూడు మాటల్లో ఒకటి ఏరుకుని, "తిన్నావా, అమ్మా" అని అడిగి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పడవ అందుకోవాలట.

అతను వెళ్ళిన రోజు నుంచీ ఇది రాస్తున్నాను. దాచకుండా రాశాను, మాస్టారు అరచేతిలో పెట్టి నేర్పిన అక్షరాలతోనే రాశాను. ఖిన్ వచ్చి భుజం మీదుగా వంగి చూస్తుంది, గుండ్రంగా ముద్దుగా ఉన్నాయంటుంది ఈ అక్షరాలు, ఏం రాస్తున్నావని అడుగుతుంది. పాత వంటలు అని చెప్పాను. దానికి తెలుగు చదవడం రాదు. ట్వంటేలో ఆ మనిషికీ రాదు. అది తెలిసే ఈ భాషలో రాస్తున్నాను.